దిడ్డి తలుపు దగ్గర నలభై నిమిషాలు: మా ఇంటి రూల్స్ డైరీ

జూన్ 8, ఆదివారం

ఈరోజు మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఒక తలుపు దగ్గర ఆగింది. తలా ఒక పాత్ర ఆడతారు, కథ నడిపే డీఎంని నేను. గడియారం చూసి చెప్తున్నా, నలభై నిమిషాలు.

కోట వెనకవైపు దిడ్డి తలుపు అది. ఆ కోటలోకి ఎలా దూరాలా అని జట్టంతా మూడు వారాలుగా కూర్చుని పథకాలు వేసింది. లోపల నేను రాసిపెట్టుకున్న గదులు పద్నాలుగు, ఒక్కో గదికీ ఒక్కో తంటా. దొంగ పాత్ర ఆడే మా బావ "బామ్మర్దీ, తాళం సంగతి నాకొదిలెయ్" అని చొక్కా చేతులు మడిచాడు. డీసీ 15 అన్నాను, అంటే పాచికా బోనసూ కలిపి 15 రావాలి. బావ దొంగకి తాళాల మీద ప్లస్ 7 ఉంది కాబట్టి ఇరవై ముఖాల పాచిక మీద 8 పడితే చాలు. పడింది 4.

"ఊహూ, రాలేదు."

"సరే, మళ్ళీ తిప్పుతా."

ఇక్కడే నాకేం చెప్పాలో తోచలేదు. మళ్ళీ వేయనిస్తే పడేదాకా వేస్తూనే ఉంటాడు, అలాంటప్పుడు పాచిక ఎందుకు? వద్దంటే ఆ తలుపు ఇక తెరుచుకోదు. నేను వద్దన్నాను. వెంటనే మంత్రాలేసే విజార్డ్ "నేనోసారి చూస్తా" అన్నాడు. ఫైటర్ భుజంతో గుద్దాడు. తాళాల గురించి ఓనమాలు తెలియని క్లెరిక్, అంటే పూజారి, పాత్ర మా అక్కది, తను కూడా పాచిక అందుకుంది. అందరూ వేశారు, ఎవరికీ పడలేదు. ఆ తర్వాత గోడ ఎక్కుదామా, మురుగు కాలువలోంచి పాకుదామా, అసలీ కోట వదిలేసి వేరే ఊరు పోదామా అని వాదులాట. బావ ఫోన్ తీసి రీల్స్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

చివరికి నేనే తగ్గి, లోపల్నుంచి ఒక కాపలావాణ్ణి పుట్టించి, ఒంటేలుకి బయటికొచ్చినట్టు చెప్పి తలుపు తీయించాను. అందరూ నవ్వారు. వాడు నా చేతకానితనంలోంచి పుట్టాడని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

వాళ్ళు వెళ్ళాక టీ కప్పులు కడుగుతూ అనుకున్నా, ఈ స్కిల్ చెక్‌ల సంగతేదో తేల్చాలని. మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్, 2014 నాటి రూల్స్. పాత్రకి పద్దెనిమిది స్కిల్స్‌లో కొన్ని బాగా వస్తాయి. పని చేయబోతే ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి స్కిల్ బోనస్ కలిపి, డీఎం చెప్పిన అంకెని అందుకోవాలి. ఆ అంకే డీసీ. తేలిక పనికి 10, మామూలు కష్టానికి 15, బాగా కష్టానికి 20. తాళం తీయడం పుస్తకం ప్రకారం స్కిల్ కాదు, పనిముట్ల చెక్. మా ఇంట్లో ఆ తేడా ఎవరికీ పట్టలేదు, లెక్క మాత్రం అదే.

జూన్ 11, బుధవారం

రెండు రాత్రులు పాత పుస్తకాలు తిరగేశాను. నాకంటే ముందు ఈ తలుపు దగ్గర ఎంతమంది ఇరుక్కున్నారో చూద్దామని.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని మొదటిసారి అచ్చేసినప్పుడు స్కిల్స్ జాబితా అన్నదే లేదు. బిగుసుకుపోయిన తలుపుని తోయడానికి ఆరు ముఖాల పాచిక వేసేవాళ్ళు, మిగతావన్నీ నోటితోనే. ఏం చేస్తావో నువ్వు చెప్పు, ఏమవుతుందో నేను చెప్తా. 1975లో అనుబంధ పుస్తకంలో దొంగ వచ్చాడు, తాళం తీయడానికి ఇంత శాతం, నక్కడానికి ఇంత శాతం అని పట్టికతో సహా. దొంగకి పట్టిక ఇచ్చేసరికి మిగతావాళ్ళ చేతుల్లోంచి ఆ పని జారిపోయింది. నా పాత్ర వివరాలు రాసుకున్న షీట్ మీద లేదు కాబట్టి నాకు రాదు అనే ఆలోచన అక్కడ మొదలైందని నా అనుమానం.

ఇప్పుడు మనం వేసే లెక్క 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చింది. అందులో నాకు కావలసిన మందు కూడా ఉంది. తొందర లేకపోతే, పడకపోయినా కొంప మునగదనుకుంటే, పాచిక వేయకుండానే 20 పడినట్టు లెక్క వేసుకోవచ్చు, మామూలుకి ఇరవై రెట్ల టైం పడుతుంది అంతే. నా తలుపుకి సరిగ్గా సరిపోయే రూల్. పైగా 2014 డీఎం పుస్తకంలోనూ దానికి తమ్ముడు ఉన్నాడు, పది రెట్ల టైం తీసుకుంటే సాధ్యమైన పని అయిపోయినట్టే అని. పుస్తకం కొని ఇన్నేళ్ళయింది, ఆ పేజీ నేను చదవనేలేదు.

ఇంకోటి చదివి కాస్త ఊరట కలిగింది. 2008లో నాలుగో ఎడిషన్ వాళ్ళు స్కిల్ ఛాలెంజ్ అని పెట్టారు. జట్టంతా కలిసి ఇన్ని గెలుపులు కూడగట్టాలి, ఈలోగా ఇన్ని ఓటములు వస్తే పని చెడినట్టు. అచ్చులో ఓటముల హద్దు గెలుపుల్లో సగం ఉండేది. అదే ఏడాది దిద్దుబాటు వచ్చింది, ఎప్పుడైనా మూడు ఓటములే అని. జీతం తీసుకుని రూల్స్ రాసేవాళ్ళే అచ్చయ్యాక కొట్టేసి రాసుకున్నారు కదా, నాకేం సిగ్గు.

రూళ్ళ కాగితం మీద ఏడు ఇంటి రూల్స్ రాశాను. మొదటిది, ఒక పనికి ఒక్కసారే పాచిక. రెండోది, 20 పడితే ఏ పనైనా అయిపోయినట్టే. ఈ రెండోది రాస్తున్నప్పుడు భలే హుషారుగా ఉంది.

జూన్ 22, ఆదివారం

రెండో రూల్ గంటన్నర బతికింది.

మా పక్కింటబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఫైటర్ ఆడతాడు. దర్బారు సీన్‌లోకి రాగానే లేచి నిలబడి, "అన్నా, రాజుగారి పట్టపు గుర్రాన్ని నాకిమ్మని అడుగుతా" అన్నాడు. ఎందుకిస్తాడ్రా అన్నాను. "ఇవ్వడు. కానీ 20 పడితే ఇవ్వాలి కదా?" పడలేదు. తర్వాత అక్క గుర్రం అడిగింది. తర్వాత బావ కిరీటం అడిగాడు. నూటికి అయిదు వంతుల ఛాన్స్ ఊరికే వస్తుంటే ఎవరు వదులుకుంటారు? తప్పు వాళ్ళది కాదు, లాటరీ టికెట్ నేనే పంచాను.

పుస్తకంలో 20కి ఆ మహత్తు కత్తి దెబ్బలకే ఉంది, స్కిల్ చెక్‌లకి లేదు. 2022లో కంపెనీవాళ్ళే కొత్త రూల్స్ పరీక్షకి పెట్టినప్పుడు దీన్ని అన్ని చెక్‌లకీ పాకించి చూసి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. వాళ్ళ దర్బారులో ఎవరు ఏ గుర్రం అడిగారో మరి. కొట్టేశాను.

ఈసారి నోట్‌బుక్‌లో ఒక పక్కన గీతలు పెట్టాను. సెషన్ మొత్తంలో స్కిల్ చెక్‌లు 31. వాటిలో పడకపోతే ఏమీ జరగనివి, ఏమీ మారనివి 13. ఇదీ నాకు అసలు దెబ్బ. దాదాపు సగంసార్లు నేను పాచిక ఎందుకు అడిగానో నాకే తెలియదు. అలవాటు, అంతే. ఎవరైనా "చూస్తాను" అంటే చాలు, నా నోరు దానంతటదే "పర్సెప్షన్ వెయ్యి" అంటోంది.

జూన్ 25, బుధవారం

ఆ "చూస్తాను" గురించే లెక్క వేశాను.

గదిలో దాచిన అర ఒకటి ఉంది, కనిపెట్టే అవకాశం మనిషికి నూటికి 30 అనుకుందాం. కష్టమే. కానీ ఒకడు "చూస్తా" అనగానే మిగతా నలుగురూ "నేనూ, నేనూ" అంటారు. అయిదుగురూ తప్పిపోయే అవకాశం 0.7ని అయిదుసార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 17 శాతం. అంటే 83 శాతం ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు. నేను కష్టం అనుకుని దాచింది వాళ్ళకి నడిరోడ్డు మీద ఉన్నట్టే.

నక్కి వెళ్ళేటప్పుడు దీనికి తలకిందులు. ఒక్కొక్కరికీ 60 శాతం ఉందనుకుంటే అయిదుగురూ చప్పుడు చేయకుండా దాటే అవకాశం 8 శాతం లోపే. అక్క క్లెరిక్ ఇనుప గొలుసుల కవచం వేసుకుంటుంది, దానివల్ల రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. అంటే తన 60 కాస్తా 36కి దిగుతుంది. మా జట్టు ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నక్కి ఎక్కడికీ వెళ్ళలేకపోయిందంటే వింతేముంది? బావ ఒక్కడే ముందు వెళ్ళడం, మిగతావాళ్ళు చింతచెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం.

మందు పుస్తకంలోనే ఉంది, గ్రూప్ చెక్. అందరూ వేస్తారు, సగం మందికి పడితే జట్టంతా దాటినట్టు. అయిదుగురిలో ముగ్గురికి పడాలి. అదే 60 శాతం మీద లెక్కేస్తే 68 వస్తుంది. ఎనిమిదెక్కడ, అరవై ఎనిమిదెక్కడ. బావ చప్పుడు కాని చోట అడుగు వేయించాడు, అక్క కవచం మీద ఎవరో గొంగడి కప్పారు, ఇలా ఊహించుకుంటే న్యాయంగానే ఉంది.

వెతకడానికి మాత్రం మా సొంత రూల్. ఒకరే వేస్తారు, ఇంకొకరు సాయం పట్టొచ్చు, అప్పుడు రెండు పాచికల్లో పెద్దది తీసుకుంటాం. మిగతా ముగ్గురూ ఆ టైంలో ఇంకేం చేస్తున్నారో చెప్పాలి.

జూలై 6, ఆదివారం

ఈరోజు సగం సెషన్ పేర్లు పెట్టడంలోనే పోయింది, అయినా నాకు బాధ లేదు.

పర్సెప్షన్‌కీ ఇన్వెస్టిగేషన్‌కీ తేడా ఏంట్రా అని అక్క నన్ను ఏడాదిగా అడుగుతోంది. నేనెప్పుడు చెప్పినా ఒక్కోసారి ఒక్కోలా చెప్తున్నానట. ఈరోజు విసుగొచ్చి పెన్సిల్ తీసుకుని తన షీట్ మీద తెలుగులో రాసేసుకుంది. ఒకటి పసిగట్టడం, ఇంకోటి ఆరా తీయడం. అంతే, తేలిపోయింది. పసిగట్టడం కళ్ళూ చెవులూ ముక్కూ చేసే పని, అది దానంతటదే తగులుతుంది. ఆరా తీయాలంటే కూర్చోవాలి, తిరగేయాలి, ఒకదానికొకటి ముడిపెట్టాలి. నేను ఏడాది నుంచి గొంతు చించుకుని చెప్పలేనిది రెండు మాటల్లో తేలింది.

ఇక అందరూ ఎగబడ్డారు. ఇంటిమిడేషన్ దబాయింపు అయింది, డిసెప్షన్ బుకాయింపు. పర్సుయేషన్ నచ్చజెప్పడం. స్టెల్త్‌కి పిల్లి నడక. స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కి విజార్డ్ ఆడే నా కాలేజీ ఫ్రెండు హస్తలాఘవం అన్నాడు, వాడికి అయిదు మార్కులు. బుకాయింపు మీద అక్క ఒక పేచీ పెట్టింది. దొరికిపోయినవాడు బుకాయిస్తాడు గానీ, వేషం వేసుకుని వెళ్ళేవాడు బుకాయించినట్టెలా అవుతుంది? నిజమే. పక్కన "వేషం కూడా" అని చిన్నగా రాసుకున్నాం.

ఇన్‌సైట్‌ని మొహం చదవడం అనుకున్నాం. అక్కడ పాత గొడవ మళ్ళీ లేచింది. వర్తకుడు అబద్ధం చెప్తున్నాడా అని బావ మొహం చదవబోయాడు, పాచిక మీద 2 పడింది. "నిజమే చెప్తున్నట్టుంది" అన్నాను. బావ కళ్ళ ముందే 2 ఉంది కదా, "అయితే అబద్ధమే" అని వాణ్ణి కట్టేశాడు. ఇలాంటి చెక్‌లు డీఎం చాటుగా వేయాలని ఇలాంటిదే ఇంకో ఆట, 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో రూలే ఉంది. నేను కూడా పెళ్ళి శుభలేఖల అట్టలతో చేసుకున్న తెర వెనక వేస్తానన్నాను. బావ ఒప్పుకోలేదు. "నా పాచిక నా చేత్తోనే వేస్తా. పడితే నా అదృష్టం, పడకపోతే నా ఖర్మ. నువ్వెవరు మధ్యలో?"

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బాలోంచి ఖాళీ గిన్నె ఒకటి, దానికి సరిపోయే మూత ఒకటి పట్టుకొచ్చింది. పాచిక గిన్నెలో వేసి, మూత పెట్టి, గలగలలాడించి నా ముందుకి తోయాలి. వేసేది బావ, చూసేది నేను. ఆ చప్పుడుకే సగం టెన్షన్ వచ్చేసింది. ఈ రూల్ ఉంటుంది. పాచికకి ఇంగువ వాసన అంటింది, అదొక్కటే ఇబ్బంది.

జూలై 9, బుధవారం

అమ్మ, పక్కింటి పిన్నిగారు హాల్లో అష్టాచెమ్మా ఆడుతున్నారు. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. నేను అక్కడే కూర్చుని చూస్తుంటే ఒకటి తట్టింది. అమ్మకి ఎక్కువసార్లు రెండు పడుతోంది.

పడాలి మరి. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలకి పదహారు తీర్లు, అందులో రెండు వచ్చేవి ఆరు, ఒకటీ మూడూ చెరో నాలుగు, చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. మధ్యలో గుట్ట, చివర్లు పల్చన. మా ఇరవై ముఖాల పాచికకి ఆ గుట్ట లేదు, 1 పడటానికీ 10 పడటానికీ 20 పడటానికీ ఒకే అవకాశం. అందుకే ప్లస్ 7 ఉన్న దొంగకి తాళం రాకపోవడం, ఏమీ రానివాడికి గభాల్న వచ్చేయడం ఇంత మామూలైపోయింది.

మరి ఇరవై ముఖాలది పక్కన పెట్టి ఆరు ముఖాలవి మూడు వేస్తే? మొత్తం 216 తీర్లు. ప్లస్ 5 ఉన్నవాడు డీసీ 15కి 10 తేవాలి, ఒక్క పాచిక మీద 55 శాతం ఉన్నది మూడు పాచికల మీద 62.5 అవుతుంది. ఏమీ రానివాడికి 15 కావాలి, వాడి 30 శాతం 9 చిల్లరకి పడిపోతుంది. వచ్చినవాడికీ రానివాడికీ మధ్య ఇంత దూరం ఉండాలి కదా అని తెగ మురిసిపోయాను. అమ్మకి వివరించబోతే, "నువ్వు లెక్కలు కట్టడం ఆపి గవ్వలకి అడ్డం లే" అంది.

జూలై 13, ఆదివారం

మూడు పాచికలు పెట్టి ఆడాం. లెక్క సరిగ్గా పనిచేసింది, ఆట చప్పబడింది.

ఎవరికి చూసినా 9, 10, 11, 12. కుర్చీలోంచి ఎవరూ లేవలేదు. ఫ్రెండు చెప్పాడు, "మామా, లెక్క కరెక్టేరా, కానీ పాచిక దొర్లుతున్నప్పుడు భయం వేయట్లేదు." ఇరవై ముఖాలది మేజా అంచు దాకా దొర్లి, 20కీ 2కీ మధ్య ఊగి ఆగుతుందే, వీళ్ళు వచ్చేది దానికోసం. దాన్ని తీసేసే హక్కు నాకు లేదు. మళ్ళీ పాతదే. గవ్వల లెక్క రాసిన కాగితం మాత్రం పారేయబుద్ధి కాలేదు, ఇక్కడే అంటించాను.

జూలై 27, ఆదివారం

ఈ ఒక్క సెషన్ కోసమే ఇన్నాళ్ళూ రాసుకున్నానేమో.

జూన్‌లో లెక్కపెట్టిన ఆ 13 దండగ చెక్‌లు మనసులోంచి పోలేదు. అందుకని కొత్త పద్ధతి పెట్టాను. పాచిక వేసేముందు, పడితే ఏమవుతుందో, పడకపోతే ఏమవుతుందో నేను పైకి చెప్పాలి. పడకపోతే ఏమవుతుందో నాకే తోచకపోతే పాచిక లేదు, ఆ పని అయిపోయినట్టే. దీనికి మేం పెట్టుకున్న పేరు ముందుమాట.

దిగుడుబావిలోకి తాడు పట్టుకుని దిగాలి. పక్కింటబ్బాయి ఫైటర్, కండబలం ప్లస్ 5. నేను చెప్పింది ఇది: "15 దాటితే చప్పుడు లేకుండా దిగుతావు. 13, 14 వస్తే దిగుతావు గానీ ఏదో ఒకటి పోగొట్టుకుంటావు. అంతకంటే తగ్గితే తాడు జారుతుంది, నీళ్ళలో పడతావు, మండపంలో ఉన్నవాళ్ళకి వినపడుతుంది. వేస్తావా?"

వాడు వెంటనే వేయలేదు. జూన్‌లో అయితే నా మాట పూర్తయ్యేలోపే పాచిక మేజా మీద ఉండేది. ఇప్పుడు పాచికని అరచేతిలో పట్టుకుని, "తాడుని రెండు పేటలు చేస్తే?" అన్నాడు. పొడవు చాలదు అన్నాను. "నడుముకి కట్టుకుంటే?" అక్క పైనుంచి పట్టుకుంటానంది. అందరూ ముందుకి వంగారు. ఆఖరికి వేశాడు, సాయం ఉంది కాబట్టి రెండు పాచికలు. ఒకటి 3, ఒకటి 8. పెద్దది తీసుకుని 5 కలిపితే 13. దిగాడు. దిగుతుంటే నడుముకి వేలాడుతున్న లాంతరు రాయికి తగిలి నీళ్ళలో పడి ఆరిపోయింది. చీకటి, బావి అడుగున వాడొక్కడు, పైన నలుగురు. నేను ఆ తర్వాత పావుగంట పెద్దగా మాట్లాడాల్సిన పనే పడలేదు.

ఒకటి రెండు అంకెల్లో తప్పితే పని అవుతుంది గానీ ఖర్చవుతుంది అన్నది నా కనిపెట్టుడు కాదు. 2014 డీఎం పుస్తకంలోనే ఐచ్ఛికంగా ఉంది. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అయితే ఆటంతా దీని మీదే నడుస్తుంది, రెండు పాచికల మీద 7 నుంచి 9 దాకా వస్తే అయ్యీ అవనట్టు. నేను కలిపింది పాచిక కంటే ముందు చెప్పడం ఒక్కటే.

ఆగస్టు 3, ఆదివారం

ఖర్చులు అయిపోయాయి. నావి.

ఒకే సాయంత్రం మూడుసార్లు దీపం ఆర్పేశాను. మూడోసారి అక్క, "ఒరేయ్, ఈ రాజ్యంలో గాలి మరీ ఎక్కువరా" అంది. అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్ళే దారిలో వాళ్ళు దాని గురించే మాట్లాడుకుని ఉంటారు.

రాత్రి కూర్చుని ఖర్చుల చిట్టా రాశాను. కాలం పోవచ్చు, చప్పుడు కావచ్చు, వస్తువు విరగొచ్చు, ఆనవాలు మిగలొచ్చు, పరువు పోవచ్చు, ఎవరికైనా మాట ఇవ్వాల్సి రావచ్చు. ఆఖరిది అన్నిటికంటే మంచిది, ఎందుకంటే అది వచ్చే వారానికి కథ అవుతుంది. చిట్టా తెర లోపలివైపు అంటించుకున్నా.

ఆగస్టు 10, ఆదివారం

సెషన్ బాగా జరిగిందనుకుని లేచాను. మెట్ల దగ్గర ఒక మాట వినాల్సి వచ్చింది.

బార్డ్, అంటే పాటగాడు, పాత్ర ఆడేది మా ఆఫీసు కుర్రాడు, మితభాషి. వాడి బార్డ్‌కి నచ్చజెప్పడం ప్లస్ 7, జట్టులో అందరికంటే ఎక్కువ. ఈరోజు సుంకం అధికారి బళ్ళని ఆపేశాడు. పక్కింటబ్బాయి లేచి రెండు నిమిషాలు సినిమా డైలాగుల్లా దంచాడు. చేతులు ఊపుతూ, గొంతు మారుస్తూ. నాకు నవ్వాగలేదు, పాచిక కూడా అడగకుండా బళ్ళు వదిలేయించాను. వాడి ఫైటర్‌కి నచ్చజెప్పడం మైనస్ 1.

చెప్పులు వేసుకుంటూ ఆఫీసు కుర్రాడు మెల్లగా అన్నాడు, "అన్నా, నా షీట్ మీద ప్లస్ 7 ఉంది కదా. అది ఎప్పుడు వాడతాం?"

నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. బావని ఎప్పుడైనా నిజం తాళం తెచ్చి తీయమన్నానా? ఫైటర్‌ని కుర్చీ ఎత్తి చూపించమన్నానా? మాటకారితనం ఒక్కటే మనిషి దగ్గర్నుంచి ఎందుకు వసూలు చేస్తున్నాను? బాగా మాట్లాడేవాడికి అడ్వాంటేజ్, అంటే రెండు పాచికల్లో పెద్దది, అని జూన్‌లో రాసుకున్న నా అయిదో రూల్ వాడి నోరు నొక్కేసింది, నేను గమనించనైనా లేదు.

అయిదో రూల్ కొట్టేశాను. దాని స్థానంలో రెండు ప్రశ్నలు. ఎదుటివాణ్ణి ఏం అడుగుతున్నావు, దేన్ని పట్టుకుని అడుగుతున్నావు? ఎలా చెప్పావన్నది లెక్కలోకి రాదు. డీసీ ఆ రెండో జవాబుని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

ఆగస్టు 17, ఆదివారం

అదే అధికారి, ఈసారి ఏకంగా కోట లోపలి పటం కావాలి. ఊరికే అడిగితే డీసీ 20 అన్నాను. ఆఫీసు కుర్రాడు కాసేపు తన కాగితాలు తిరగేసి, ఎప్పుడో మేలో రాసుకున్న ముక్క చూసి, ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. "వాడి కూతురి పెళ్ళి అప్పు మేం తీరుస్తామంటా."

ఆ అప్పు సంగతి నేనే మర్చిపోయాను. డీసీ 10కి దించాను. 3 పడితే చాలు. ముందుమాట రూల్ ప్రకారం అసలు వేయనక్కర్లేదనుకున్నా గానీ, వాడి మొహం చూస్తే వేయాలని ఉంది. 17 పడింది. మేజా అవతల నుంచి బావ ఈల వేశాడు.

పక్కింటబ్బాయి మాత్రం అలిగాడు. "అన్నా, అంత డైలాగ్ చెప్పి మైనస్ 1తో వేయాలా?" దానికి జవాబు సాయం పట్టడంలో దొరికింది. వాడు మాట్లాడతాడు, పాచిక బార్డ్ వేస్తాడు, రెండు పాచికల్లో పెద్దది. ఇప్పుడు ఈ ఇద్దరూ జంట అయిపోయారు, ఒకడు నోరు, ఒకడు బుర్ర. వచ్చే వారం ఏం అబద్ధం ఆడాలో మెట్లు దిగుతూనే మాట్లాడుకుంటున్నారు.

ఆగస్టు 24, ఆదివారం

ఏడు రూల్స్ కాగితం ఇప్పుడు సగం కాగితం అయింది. ముందుమాట, ఒకటి రెండు అంకెలు తప్పితే ఖర్చు, వెతికితే ఒకరే, నక్కితే అందరూ, మొహం చదివితే గిన్నె, మాటలకి రెండు ప్రశ్నలు. ఒక పనికి ఒకే పాచిక అన్న మొదటి రూల్ దానంతటదే ఊడిపోయింది. పడకపోతే ఏదో ఒకటి జరిగిపోతోంది కాబట్టి "మళ్ళీ తిప్పుతా" అనే పరిస్థితి రావడం లేదు. గీతలు ఈరోజు కూడా పెట్టాను. చెక్‌లు 14, దండగవి 1.

వీధిలో వినాయకుడి పందిరికి కర్రలు పాతుతున్నారు, ఆ దబదబల మధ్యే ఆడాం. జట్టు కోటలోంచి బయటపడాలి. వెనక అరుపులు. ఏ దారి అని అడిగితే బావ నా కళ్ళలోకి చూసి, "దిడ్డి తలుపు" అన్నాడు. లోపలివైపు కూడా తాళమే, అదే డీసీ 15.

"ముందుమాట చెప్పు బామ్మర్దీ."

చెప్పాను. 15 దాటితే తెరిచి, మళ్ళీ వేసి, ఎవరూ వెళ్ళనట్టు మాయమవుతారు. 13, 14 అయితే తెరుచుకుంటుంది, ఆనవాలు మిగులుతుంది. అంతకంటే తగ్గితే తెరుచుకునేలోపు మలుపులో దివిటీలు కనిపిస్తాయి. దేనికైనా తలుపు తెరుచుకోవడం మాత్రం ఖాయం.

బావ పాచికని ఊదాడు. 6 పడింది. ఏడు కలిపితే 13.

తాళం టక్కుమంది. తాళం తీసే ఊచ సగానికి విరిగి లోపలే ఉండిపోయింది. బావ దాన్ని రెండు వేళ్ళతో లాగబోయాడు, అక్క వీపు మీద ఒక్కటిచ్చి బయటికి తోసింది. అయిదుగురూ పరుగు. ఆ ఊచ పిడి మీద బావ జూన్‌లోనే, ఎవరూ అడక్కుండానే, తన దొంగ పేరు చెక్కించుకున్నాడు. అది నా నోట్‌బుక్‌లో ఉంది. బావకి గుర్తున్నట్టు లేదు.